సవరణ: నరకానికి పోయేది ఎంతమందో శ్రీసభ లెక్క చెప్పలేదు

మృతుల పండుగకు ముందు పెట్టిన పోస్టులో, మనుషుల్లో ఎక్కువమంది నరకానికే పోతారని కతోలిక శ్రీసభ బోధిస్తుందని రాశాను. అది తప్పు. అలా అనుకున్నది పునీత అగస్టీన్, థామస్ అక్వినాస్ లాంటి పెద్దలు. ఎంత గొప్పవారిదైనా అది అభిప్రాయమే, శ్రీసభ దాన్ని విశ్వాస సత్యంగా ప్రకటించలేదు.

నరకం ఉంది, అది శాశ్వతం అని శ్రీసభ అధికారిక బోధనల పుస్తకమైన సత్యోపదేశ గ్రంథం చెబుతుంది. దేవుడు ఎవరినీ నరకానికని ముందే రాసిపెట్టలేదనీ అందులోనే ఉంది. రక్షణ పొందేది కొద్దిమందేనా అని అడిగితే యేసు లెక్క చెప్పలేదు, ఇరుకు ద్వారంలో ప్రవేశించడానికి పాటుపడమన్నాడు (లూకా 13). అందరూ రక్షణ పొందాలని ఆశపడవచ్చన్న కతోలిక వేదాంతి బాల్తజార్ మాట మీద 1980ల నుంచీ వాదన నడుస్తూనే ఉంది. ఆయన అన్నది ఆశ, హామీ కాదు.

నా పోస్టు చదివించుకుని, బొబ్బిలి దగ్గర ఒక పిన్ని తన కొడుకు పేరిట పూజ పెట్టించడం మానేద్దామనుకుందట. ఆ అబ్బాయి ప్రాణం తనే తీసుకున్నాడు. పిన్నీ, మానకు. అలా పోయినవారి రక్షణ గురించి ఆశ వదులుకోకూడదనీ, వారి కోసం శ్రీసభ ప్రార్థిస్తుందనీ ఆ గ్రంథంలోనే స్పష్టంగా ఉంది.