మన రోడ్ల మీద కారుకు పీపీఎఫ్: ఫుల్ బాడీ కంటే ముందు భాగమే మేలు

ఒడిశాలోని రాయగడ, జయపురం, బరంపురం షోరూముల్లో కారు బుక్ చేసిన మన తెలుగువాళ్లకు డెలివరీకి ముందే ఓ కొత్త టెన్షన్ మొదలవుతోంది. పీపీఎఫ్, అంటే పెయింటు దెబ్బతినకుండా పైన అతికించే పారదర్శక ఫిల్మ్, వేయించాలా? వేయిస్తే ఫుల్ బాడీయేనా? పెయింటు మీద పూసే సిరామిక్ కోటింగ్ సరిపోదా? షోరూమ్ వాళ్లు ఒక ప్యాకేజీ చెబుతారు. వైజాగ్‌లో ఉన్న బావమరిది అందులో సగానికే చేసే షాపు తనకు తెలుసంటాడు. మంచి ఫిల్మ్‌తో కారంతా వేయిస్తే లక్ష అటూ ఇటూ అవుతుంది. సొంతంగా లోను కట్టుకునే ఇంటికి ఇది చిన్న మొత్తమేమీ కాదు.

మన దారులకు ఈ ఫిల్మ్ నిజంగా అవసరమే. కానీ చాలామంది కార్లకు ఒళ్లంతా చుట్టించాల్సిన పని లేదు. రాళ్లు తగిలే చోట నాణ్యమైన ఫిల్మ్ వేయించి, మిగిలే డబ్బులో కొంత మంచి పనివాడికి ఇవ్వడమే లాభం. ఎందుకో చెబుతాను.

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి, పొట్టంగి, సెమిలిగుడ మీదుగా కోరాపుట్ చేరే 26వ నంబరు జాతీయ రహదారిపై కారు నడిపేవాళ్లకు లోడు లారీ వెనకాల పడటమంటే ఏమిటో తెలుసు. ఓవర్‌టేక్ చేసే వీలు దొరకదు. ముందున్న టైర్లు రోడ్డు అంచు దిగి ఎక్కినప్పుడల్లా చిన్న కంకర ఎగిరి వచ్చి బానెట్ ముందు అంచుకో, బంపర్‌కో, సైడ్ మిర్రర్ డొప్పకో తగులుతుంది. ఇక మన ముందు చక్రాలు విసిరే రాళ్లు డోర్ల కింద ఉండే పట్టీకి, వెనక చక్రం గూడు ముందు భాగానికి తగులుతాయి. బరంపురం వైపు 16వ నంబరు రహదారిలో రోడ్డు బాగుంటుంది కానీ వేగం ఎక్కువ. వేగం రెట్టింపైతే రాయి దెబ్బలో శక్తి నాలుగింతలవుతుంది. నున్నటి హైవే మీద తిరిగే కార్ల బానెట్లకే ఎక్కువ చుక్కలు కనబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇందులో ఇంకో సంగతి ఉంది. బంపర్ ప్లాస్టిక్, పెయింట్ లేచినా తుప్పు పట్టదు. చాలా కార్ల బానెట్, డోర్ల కింది పట్టీ మాత్రం స్టీలు. అక్కడ రాయి దెబ్బ ప్రైమర్‌ను కూడా దాటి స్టీలు దాకా దిగితే వానాకాలంలో తుప్పు మొదలవుతుంది. గోపాల్‌పూర్, ఛత్రపురం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో మరీ త్వరగా. దెబ్బలు ఎక్కువ తినేది బంపరే, కానీ దెబ్బతింటే ఎక్కువ నష్టం బానెట్ అంచుకు, కింది పట్టీకి. బంపర్ దగ్గర ఆగిపోయే చవక ప్యాకేజీలు నాకు నచ్చకపోవడానికి కారణం ఇదే.

ఈ ఫిల్మ్ పుట్టింది కూడా ఇలాంటి దెబ్బల కోసమే. 1960లలో వియత్నాం యుద్ధ కాలంలో అమెరికా హెలికాప్టర్ల రెక్కల అంచులు ఇసుకకు, రాళ్లకు అరిగిపోకుండా త్రీఎం కంపెనీ యురిథేన్ ఫిల్మ్ తయారు చేసింది. తర్వాత అది రేసు కార్లకు, అక్కడి నుంచి మామూలు కార్లకు వచ్చింది. ఇప్పుడు దొరికే మంచి ఫిల్మ్ 150 నుంచి 200 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) మందం ఉంటుంది. కంపెనీ పెయింటు ప్రైమర్‌తో సహా అన్ని పొరలూ కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్లే. అంటే పెయింటు కంటే మందమైన, సాగే గుణమున్న పొర ఒకటి పైన కూర్చుని దెబ్బను తను తీసుకుంటుంది.

సిరామిక్ కోటింగ్ పొర చాలా పల్చన, కొద్ది మైక్రాన్లకు మించదు. నీళ్లు జారిపోతాయి, దుమ్ము తేలిగ్గా వదులుతుంది, మెరుపు నిలుస్తుంది. రాయిని మాత్రం ఆపలేదు. నైన్‌హెచ్ గట్టిదనం అని చెప్పి అమ్ముతుంటారు. అది పెన్సిల్ గీత పరీక్షలో వచ్చే గ్రేడు, దానికీ కంకర దెబ్బకూ సంబంధం లేదు. ఘాట్ రోడ్డు తిరిగేవాళ్లు ‘సిరామిక్ వేయించాం కదా’ అనుకుని ధీమాగా ఉండొద్దు.

ఫిల్మ్‌లలోనూ అన్నీ ఒకటి కావు. పీవీసీ ప్లాస్టిక్‌తో చేసింది చవక. త్వరగా గట్టిపడుతుంది, పచ్చబారుతుంది. టీపీహెచ్ పేరుతో వచ్చేది కూడా పీవీసీ ఆధారంగా చేసిందే. అడగాల్సింది టీపీయూ, అంటే సాగే గుణమున్న యురిథేన్ ఫిల్మ్. అందులోనూ ఎండకు పచ్చబారని అలిఫాటిక్ రకం కావాలి, అరోమాటిక్ రకం రెండు మూడు వేసవులకే రంగు మారొచ్చు. తెల్ల కారు ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. షాపులో చిన్న ముక్క అడిగి సాగదీసి చూడండి. టీపీయూ సాగి మళ్లీ వెనక్కి వస్తుంది, పీవీసీ చాలావరకు సాగిన చోటే ఉండిపోతుంది. ఇదొక్కటే చూసి నమ్మేయడానికి లేదు కాబట్టి రోల్ పెట్టె మీ ముందే విప్పమనండి, దాని మీది సీరియల్ నంబరు బిల్లులోనూ వారంటీ కార్డులోనూ రాయించండి. ఫుల్ బాడీ టీపీయూ అని చెప్పి నమ్మలేనంత తక్కువ రేటు చెప్పారంటే ఫిల్మ్‌లోనో పనిలోనో ఎక్కడో కోత పడుతున్నట్టే.

వారంటీ ఐదేళ్లా పదేళ్లా అన్నదాని మీద జనం ఎక్కువ మొగ్గు చూపుతారు. ఆ కాగితం చదవండి. సాధారణంగా పచ్చబారడం, పగుళ్లు, పొర విడిపోవడం వరకే అందులో ఉంటాయి. రాయి దెబ్బకు ఫిల్మ్ చిరిగితే కొత్తది ఇస్తామని రాయరు. గీతలు తమంతట తామే మానిపోతాయనే మాట కూడా పైపై గీతల వరకే నిజం. ఎండకో వేడి నీళ్లకో సన్నటి గీతలు మాయమవుతాయి, లోతుగా తెగింది తెగినట్టే ఉంటుంది.

ఇక ఫుల్ బాడీ సంగతి. టాప్ మీద రాళ్లు పడవు. డిక్కీ మూత మీదా అరుదే. డోర్లకు వచ్చేవి పార్కింగు గీతలు, బరంపురం బజారు సందుల్లో హ్యాండిల్ బార్లు రాసుకునేవి. వాటికి డోర్ అంచులకు, హ్యాండిల్ వెనక గుంటకు చిన్న ముక్కలు వేస్తే చాలా మటుకు సరిపోతుంది. మన దగ్గర పెయింటును ఎక్కువగా పాడు చేసేది పొద్దున్నే పొడి గుడ్డతో తుడిచే అలవాటు. కోరాపుట్, రాయగడల ఎర్రదుమ్ములో సన్నటి రవ్వలుంటాయి. పొడిగా తుడిచారంటే వాటితో కారును రుద్దినట్టే. ముందు నీళ్లు కొట్టి, తర్వాత షాంపూతో కడిగే అలవాటు చేసుకుంటే సగం గీతలు ఆగిపోతాయి, దానికి లక్ష అక్కర్లేదు. నల్ల కారు కొని పదేళ్లు ఉంచుకోవాలనుకునేవాళ్లు, డబ్బుకు ఇబ్బంది లేనివాళ్లు కారంతా వేయించుకుంటే తప్పు పట్టను. అప్పు చేసి మరీ వేయించొద్దన్నదే నా మాట.

అసలు కష్టం వేసే దగ్గర ఉంది. మంచి ఫిల్మ్‌ను చెడ్డ చేయి పాడు చేస్తుంది. బానెట్ మీద ఆ పని దగ్గరుండి చూడండి. ముందు కడుగుతారు, పెయింటుకు పట్టిన ఇనుప రజను మందు కొట్టి కరిగిస్తారు, క్లే ముద్దతో రుద్ది నున్నగా చేస్తారు, గీతలుంటే పాలిష్ పడతారు. తర్వాత బేబీ షాంపూ కలిపిన నీళ్లు బానెట్ మీదా ఫిల్మ్ జిగురు వైపూ దట్టంగా కొట్టి ఫిల్మ్ పరుస్తారు. తడి ఉన్నంతసేపు అది జారుతూ ఉంటుంది, సరిచేసుకోవచ్చు. కుదిరాక రబ్బరు పలక లాంటి స్క్వీజీతో మధ్య నుంచి అంచులకు నీళ్లు నెడతారు. మన కార్లకు ఇక్కడే ఇబ్బంది. బానెట్‌కూ ఫెండర్‌కూ మధ్య సందులో, లోగో చుట్టూ, హెడ్‌లైట్ అంచున ఎర్రదుమ్ము దాక్కుని ఉంటుంది. నీళ్లు కొట్టగానే అది బురదై బయటికి కారి ఫిల్మ్ కిందికి చేరుతుంది. ఎండాక నల్లటి చుక్కలుగా మిగిలిపోతుంది, ఇక ఎంత వత్తినా పోదు. అనుభవమున్నవాడు ఫిల్మ్ పెట్టకముందే గాలి కొట్టి, బ్రష్ పెట్టి సందులన్నీ శుభ్రం చేస్తాడు. ఆ పని చేయని షాపు ఎంత పెద్దదైనా నాకు నమ్మకం ఉండదు.

షాపులో చూడాల్సిన రెండో సంగతి బ్లేడు. కంప్యూటర్ ప్లాటర్‌లో మీ మోడల్ కొలతకు కోసిన ఫిల్మ్ తెస్తారా, లేక కారు మీద పరిచి అక్కడే కోస్తారా? చేయి తిరిగినవాడు కారు మీద కోసినా పెయింటు తెగదు. కొత్త కుర్రాడి చేతిలో తెగుతుంది, అదీ ఫిల్మ్ తీసిన రోజున గానీ కనబడదు. అంచులు వీలైన చోటల్లా లోపలికి మడవమనండి. బయటే ఆగిన అంచులో దుమ్ము పట్టి నల్లగీత పడుతుంది.

వేయించాక వారం దాకా కారు కడగకూడదు. సన్నటి నీటి బుడగలుంటే కొద్ది రోజుల్లో అవే ఆరిపోతాయి, సూదితో గుచ్చొద్దు. చలికి జిగురు నెమ్మదిగా పట్టుకుంటుంది. అందుకని డిసెంబరు, జనవరిల్లో వైజాగ్‌లో వేయించి ఆ రాత్రే ఘాట్ ఎక్కి కోరాపుట్ చలిలోకి తెచ్చేయకుండా ఒకటి రెండు రోజులు అక్కడే ఉంచండి. వారం పది రోజులకు లేచిన అంచులు చూపించడానికి మళ్లీ వెళ్లాలి. కోరాపుట్ నుంచి వైజాగ్ సుమారు 200 కిలోమీటర్లు. రెండోసారి వెళ్లే ఓపిక ఉందా లేదా అన్నది ముందే చూసుకోండి. జయపురంలోనో బరంపురంలోనో, మీ ఊరికి ఏది దగ్గరైతే అక్కడ, శుభ్రమైన, దుమ్ము రాని షెడ్డు ఉన్న పనివాడు దొరికితే నేనైతే ముందు భాగం అతనికే ఇస్తాను. మళ్లీ చూపించడానికి గంటలో వెళ్లొచ్చు.

మనవాళ్లలో చాలామంది కొత్త కారును మజ్జి గౌరమ్మ గుడికో, తారాతారిణికో తీసుకెళ్లి పూజ చేయిస్తారు. చేయించాల్సిందే. కాకపోతే కొత్త ఫిల్మ్ మీద నూనె కలిపిన సిందూరంతో స్వస్తిక్ వేసి ఎండలో వదిలేస్తే ఆ రంగు పైపొరలోకి ఇంకి మరక మిగలొచ్చు. పసుపూ అంతే. పూజ ముందే చేయించి, బాగా కడిగించి ఫిల్మ్ వేయించుకోండి. లేదంటే పంతులుగారికి చెప్పి బొట్టు అద్దం మీద పెట్టించండి, ఆయన కాదనరు.

డెంటింగ్, పెయింటింగ్ జరిగిన భాగం ఉంటే షాపులో దాచొద్దు. కొత్తగా కొట్టిన పెయింటు పూర్తిగా ఆరడానికి వారాలు పడుతుంది, తొందరపడితే కింద బుడగలు వస్తాయి, ఫిల్మ్ తీసేటప్పుడు పెయింటు కూడా ఊడి రావచ్చు. పారదర్శక ఫిల్మ్‌కు ఆర్సీలో ఏ మార్పూ అక్కర్లేదు. రంగు ఫిల్మ్ వేసి కారు రంగే మార్చేస్తే ఆర్టీఓ అనుమతి తీసుకోవాలి. యాక్సిడెంట్లో బానెట్ మార్చాల్సి వస్తే ఫిల్మ్ ఖర్చు ఇన్సూరెన్సు వాళ్లు ఇస్తారో లేదో పాలసీ తీసుకునేటప్పుడే అడిగి రాయించుకోండి. ఏ భాగానికి ఎంత అయిందో బిల్లులో విడివిడిగా ఉంటే, రేపు ఒక్క బానెట్ ఫిల్మే చిరిగినా ఆ ఒక్కదాని రేటు ఎంతో మీ దగ్గర ఉంటుంది.