పెన్సిల్‌తో పెట్టిన ఇంటూ గుర్తు

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ, అంటే మిర్చి బస్తా, కొనేవాడు ముందు గుప్పెడు కాయలు తీస్తాడు, తొడిమ చూస్తాడు, విరిచి గింజ చూస్తాడు, తుమ్ముతాడు. ఆ తరవాతే ధర మాట్లాడతాడు. మొన్న విజయవాడలో ఒక జూనియర్ కాలేజీకి తన మూడేళ్లు అప్పగించడానికి వెళ్లిన మా మేనల్లుడికి మాత్రం తుమ్మేపాటి వ్యవధి కూడా దొరకలేదు.

ఫిజిక్స్ లెక్చరర్ ఉద్యోగం. తోడు వెళ్లిన పాపానికి నేనూ చూశాను. 100 రూపాయల స్టాంపు పేపరు మీద మూడేళ్ల బాండు, దాని వెనక 12 పేజీలు, ప్రతి పేజీ అడుగున సంతకం చోట పెన్సిల్‌తో ఇంటూ గుర్తు. ఏవో గారు, అంటే కాలేజీ పరిపాలనాధికారి, ఎడమ అరచేతితో పేజీని కప్పి, కుడి చూపుడువేలితో గుర్తు చూపిస్తున్నారు. విశాలమైన అరచేయి. దాని కింద ఏమేమి షరతులున్నాయో బహుశా ఆయనకూ తెలియదు. ఆరో పేజీ దగ్గర మావాడు "కొంచెం చదువుకోవచ్చా సార్?" అన్నాడు.

గదిలో ఫ్యాను చప్పుడు వినిపించింది. అటెండరు టీ గ్లాసుతో అక్కడే ఆగిపోయాడు. అన్నప్రాశననాడు పిల్లవాడు కత్తి పట్టుకుంటే తాతగారు చూసినట్టు చూశారు ఏవో గారు. "చదవడమా? ఇంతమంది పెట్టారు, ఒక్కరూ అడగలేదే! ఇది ఉత్త ఫార్మాలిటీ." ఉత్త ఫార్మాలిటీకి స్టాంపు పేపరెందుకండీ అన్నాను. "మీరెవరు?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. మేనమామను, రేపు సాక్షిగా పనికొస్తాను అన్నాను. అరచేయి కాస్త జరిగింది.

జరిగినంత మేర కనిపించింది ఇదీ: ఉద్యోగం మానేశాక రెండేళ్లపాటు 100 కిలోమీటర్ల లోపల ఎక్కడా ఫిజిక్స్ చెప్పకూడదు. అంటే గుంటూరు, తెనాలి, ఏలూరు, బందరు, అన్నీ నిషిద్ధ ప్రాంతాలే. న్యూటన్ సూత్రాలు ఒంగోలు చేరాకే పనిచేస్తాయన్నమాట.

బెజవాడలో కృష్ణ మీద పాత ఆనకట్ట 1855లో పూర్తయింది. మరో 17 ఏళ్లకు, 1872లో, కాంట్రాక్టు చట్టం వచ్చింది. మనిషిని తన వృత్తి చేసుకోనివ్వని ఒప్పందం ఆ మేరకు చెల్లదని దాని 27వ సెక్షన్ చెబుతుంది. ఆనకట్ట పోయి బ్యారేజీ వచ్చింది. సెక్షన్ అలాగే ఉంది. కాలవ చివరి పొలాలకు నీరందనట్టు, ఏవో గారి బల్ల దాకా అది ఇంకా రాలేదు.

మధ్యలో మానేస్తే మూడు లక్షలు కట్టాలట. 74వ సెక్షన్ ప్రకారం కాగితం మీద రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. కోర్టు ఇప్పించేది దానికి మించని సబబైన పరిహారం. అలాగని బాండ్లన్నీ చిత్తుకాగితాలే అని కుర్రాళ్లను మోసం చేయను. 2025లో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు పెట్టిన మూడేళ్ల బాండును, రెండు లక్షల షరతుతో సహా, సమర్థించింది. ఆ బ్యాంకు నియామకాలకయ్యే ఖర్చు చూపించుకుంది. మావాడి మీద ఈ కాలేజీ పెట్టిన ఖర్చు ఒక టీ. అదీ అటెండరు చేతిలోనే ఉండిపోయింది.

ఇంతవరకూ నవ్వుకుంటూనే ఉన్నాను. అప్పుడు ఏవో గారు "పదో తరగతి నుంచి ఎమ్మెస్సీ దాకా ఒరిజినల్స్ ఇచ్చి వెళ్లండి, భద్రంగా ఉంటాయి" అంటూ బీరువా తెరిచారు. లోపల రబ్బరు బ్యాండ్లు వేసిన ప్లాస్టిక్ కవర్ల దొంతరలు, ఒక్కో కవరు మీద ఒక్కో పేరు. బంగారం తాకట్టు పట్టేవాడు కూడా తూకం వేస్తాడు, రశీదు రాస్తాడు, ముందు డబ్బు చేతిలో పెడతాడు! మీరేమిచ్చారు? రేపు ఆ పిల్లలకు డీఎస్సీ పిలుపొస్తే ఎవరి కాళ్లు పట్టుకోవాలి? తల్లి పుస్తెలు కుదువపెట్టి చదివిస్తే వచ్చిన కాగితాలవి. ఎవరి సొత్తని బీరువాలో పెట్టి తాళం వేశారు? దీనికీ ఫార్మాలిటీ అనే పేరేనా, సిగ్గులేకుండా?

ఇది పైకే అన్నాను. బాగా గట్టిగానే.

"పద మామయ్యా" అంటూ మావాడు కవరు చంకలో పెట్టుకుని లేచాడు. గుమ్మం దగ్గర వెనక్కి చూశాను. స్టాంపు పేపరు మీద పేరు రాయాల్సిన చోటు ఇంకా ఖాళీగానే ఉంది. ఏవో గారు దాన్ని సరిచేసి పెట్టుకుని, బయట బెంచీ మీద కూర్చున్న కుర్రాడిని పిలవమని అటెండరుకు సైగ చేస్తున్నారు.