నీరు పల్లమెరుగు, నిజం నేవీ ఎరుగు

భూగర్భజలాన్ని కాపాడడం పామరుల పని, పర్యవేక్షించడం పండితుల పని అన్న సత్యం మీద ఎవరికైనా అనుమానం మిగిలి ఉంటే వారు హవాయిలోని ఓవాహు దీవికి వెళ్లి రావాలి. అక్కడి రెడ్ హిల్ కొండ కడుపులో, 1940 నుంచి 1943 వరకు శ్రమించి, అమెరికా నావికాదళం 20 ఇంధన ట్యాంకులు కట్టుకుంది. ఒక్కొక్కటి 250 అడుగుల ఎత్తు. ఒక్కొక్క దానిలో కోటీ పాతిక లక్షల గ్యాలన్లు పడుతుంది. వాటికి సుమారు 100 అడుగుల దిగువన హోనలూలు నగరం తాగే నీళ్లున్నాయి. చమురు నీటి మీద తేలుతుందని బడిలో చదువుకున్నవాళ్లే ఆ స్థలాన్ని ఎంపిక చేసి ఉండాలి.

2014 జనవరిలో అయిదో నంబరు ట్యాంకు నుంచి దాదాపు 27,000 గ్యాలన్ల విమాన ఇంధనం కారిపోయింది. కుండ కారితే మన ఇళ్లలో ముందు కుండ ఖాళీ చేస్తారు, అది తొందరపాటు. పెద్దలు మరుసటి ఏడాది ఒప్పందం రాసుకుని, ట్యాంకుల మరమ్మతుకు 22 ఏళ్ల దాకా గడువిచ్చి, ఈలోగా పరిశీలన బావుల్లో నీటిని గమనిస్తూ ఉండాలని నిశ్చయించారు.

ఆ గమనించడం ఎంత నిష్ఠతో కూడిన పనో తెలియనివారే దాన్ని ఎగతాళి చేస్తారు. బావిలోకి సన్నని గొట్టం దించి, అడుగున మట్టి కదలకుండా నెమ్మదిగా తోడుతూ, ఉష్ణోగ్రత, పీహెచ్, విద్యుద్వాహకత అంకెలు నిలకడకు వచ్చేదాకా కాచుకుని కూర్చోవాలి. అప్పుడు 40 మిల్లీలీటర్ల గాజుసీసాను అంచు మీద నీరు ఉబ్బి నిలిచేలా నింపి, మూత బిగించి, తలకిందులు చేసి, వేలితో తట్టి చూడాలి. లోపల బుడగ తేలిందా, ఇంధనంలో ఉండే, ఇట్టే ఆవిరయ్యే బెంజీన్ అనే విషపదార్థం ఆ ఖాళీలోకి ఎగిరిపోతుంది కనుక ఆ నమూనా పనికిరాదు. సీసాలో ఒక్క బుడగను సహించని ఈ కొండలోనే, 2021 మే 6న పైపు తెగి బయటపడ్డ ఇంధనంలో సుమారు 20,000 గ్యాలన్లు మంటలార్పే వ్యవస్థ గొట్టంలోకి చేరి, ఆరు నెలలకు పైగా ఎవరి కంటా పడకుండా హాయిగా కాపురం చేశాయి.

నవంబరు 20న ఒక చిన్న బండి తగిలి ఆ గొట్టం వాల్వు విరిగేదాకా ఆ కాపురం సంగతి బయటికి పొక్కలేదు. ఒలికిన ఇంధనం నేవీ తాగునీటి బావికి చేరి, వారం తిరిగేసరికి సైనికుల ఇళ్లలో కుళాయి తిప్పితే పెట్రోలు బంకు వాసన వచ్చింది, నీటి మీద నూనె మెరుపు తేలింది. ఆ నేవీ నీటి సరఫరా మీద ఆధారపడినవారు దాదాపు 93,000 మంది. ఇల్లాళ్లు ముక్కుతో కనిపెట్టిన ఈ ఫలితాన్ని యంత్రాంగం వెంటనే అంగీకరించకపోవడం న్యాయమే, ఎందుకంటే ముక్కుకు క్యాలిబ్రేషన్ పత్రం, అంటే కొలత సరిచూసిన ధ్రువపత్రం, ఉండదు. నవంబరు 29న అక్కడి సైనిక స్థావరాధిపతి నీళ్లు నమలకుండా, నీళ్లు సురక్షితం కావనడానికి తక్షణ సూచనలేవీ లేవని, తానూ తన సిబ్బందీ వాటినే తాగుతున్నామని ప్రకటించారు. తర్వాత క్షమాపణ చెప్పుకున్నారనుకోండి, అది వేరే సంగతి. వేలాది కుటుంబాలు హోటళ్లకు మారాయి.

ఈ మొత్తం వ్యవహారంలో అశాస్త్రీయంగా ప్రవర్తించింది హోనలూలు నీటి సరఫరా బోర్డు ఒక్కటే. అదే భూగర్భజలాన్ని తోడే తన హలావా బావిలో చమురు తేలేదాకా ఓపిక పట్టకుండా, డిసెంబరు మొదట్లోనే పంపు ఆపేసింది. ఈ తొందర అంటువ్యాధిలా పాకి, 2022 మార్చిలో అమెరికా రక్షణమంత్రి ఏకంగా ట్యాంకులనే ఖాళీ చేసి మూసేయమన్నారు.

అయినా పర్యవేక్షకులకు పని కరవు రాలేదు. స్థావరాధిపతి ప్రకటనకు సరిగ్గా ఏడాది నిండిన రోజున, 2022 నవంబరు 29న, అదే కొండలో మంటలార్పే నురుగు ద్రావణం వెయ్యి గ్యాలన్లకు పైగా ఒలికింది. అందులోని రసాయనాల కోసం పరీక్షల పట్టికలో కొత్త వరుసలు చేరాయి. వాటికి గాజుసీసా పనికిరాదు, ప్లాస్టిక్ సీసా కావాలి.