‘అయ్యో, అది చూడలేదా?’ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘అయ్యో, అది చూడలేదా?’ గారి దివ్య సముఖమునకు,

నమస్కారాలు. మీ క్షేమ సమాచారం ప్రత్యేకంగా అడగను. పాత జపనీస్ సినిమాలూ డ్రామాలూ ఇష్టపడేవాళ్ళు ముగ్గురు ఒకచోట చేరితే చాలు, నాలుగోవారుగా మీరు హాజరు. మీ ఆరోగ్యానికి ఢోకా లేదని తెలుస్తూనే ఉంది. నా బెంగంతా మీ వాత పడ్డవాళ్ళ గురించే.

మీ పనితీరు ఎలా ఉంటుందో ఒకసారి చెప్తాను. అనిమేలు చూసి జపాన్ మీద మోజు పెంచుకున్న కుర్రాడు ఒకడు వస్తాడు. “అన్నా, పాతవి ఏవైనా మంచివి చెప్పవా, రాత్రి అన్నం తింటూ చూసుకుంటా” అంటాడు. వాడి మాట పూర్తి కాకముందే మీరు అందుకుంటారు: “అయ్యో, ‘ద హ్యూమన్ కండిషన్’ చూడలేదా?” కోబయాషి మసాకి 1959 నుంచి 1961 దాకా మూడు సినిమాలుగా తీసిన యుద్ధగాథ అది. మూడూ కలిపితే తొమ్మిదిన్నర గంటల పైమాటే. గొప్ప సినిమా, కాదన్నవాడు లేడు. మంచూరియా గనుల్లో కూలీలను మనుషుల్లా చూడాలనుకున్న పాపానికి అందులో హీరో నకదాయ్ తత్సుయా పడే పాట్లు చూస్తే నాలుగు రోజులు ముద్ద దిగదు. కానీ వాడు అడిగిందే అన్నం తింటూ చూసుకోవడానికి కదండీ!

ఇంకో అమ్మాయి. కొరియన్ ‘బాయ్స్ ఓవర్ ఫ్లవర్స్’ మొత్తం చూసేసి, ఆ సంతోషం పట్టలేక నలుగురితో చెప్పుకుంది. ఏం చూడమంటారని అడగనైనా లేదు, మీరు దిగిపోయారు. “అయ్యో, జపాన్‌వాళ్ళది చూడలేదా? ఇది 2009ది. వాళ్ళు ఇదే కథని 2005లోనే ‘హానా యోరి దాంగో’ అని తీసేశారు.” అక్కడితో ఆగినా బాగుండేది. మీ పెదనాన్నగారొకరు వెనకనుంచి “అంతకన్నా ముందు, 2001లో తైవాన్‌వాళ్ళు తీశారు” అన్నారు. మీ తాతగారు కళ్ళజోడు సర్దుకుని “అసలు 1992లో కామియో యోకో మొదలుపెట్టిన మాంగా, అదే, అసలు బొమ్మల కథ చదవకుండా ఇవన్నీ దేనికి?” అని తీర్పు చెప్పారు. ఆ పిల్ల తర్వాత ఏ డ్రామా చూసిందో మనకెవరికీ తెలీదు. మనకి చెప్పడం మానేసింది.

మీ మీద నాకున్న అసలు కోపం ఇదీ. ఆ పాత డ్రామాలను మీరు ఎంట్రన్సు పరీక్షకి సిలబస్ చేసి పెట్టారు. తీసినవాళ్ళకి అలాంటి ఉద్దేశమే లేదు. పొయ్యి మీద గిన్నె పెట్టినవాళ్ళ కోసం, ఆఫీసుకి లేటవుతున్నవాళ్ళ కోసం, మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకున్న తాతల కోసం తీశారు.

‘ఓషిన్’ సంగతే తీసుకోండి. దాని పేరెత్తేటప్పుడు మీ గొంతు గర్భగుడిలో ఉన్నంత మెల్లగా అయిపోతుంది. హషిద సుగాకో రచన, 1983 ఏప్రిల్ నుంచి 1984 మార్చి దాకా జపాన్‌వాళ్ళ దూరదర్శన్ లాంటి ఎన్‌హెచ్‌కేలో 297 భాగాలు. ఒక్కొక్కటీ పదిహేను నిమిషాలు, పొద్దున్న ఎనిమిదింబావుకి. ఆ వేళప్పుడు టీవీ ముందు పద్మాసనం వేసుకుని ఎవరు కూర్చుంటారు? జపాన్‌లో ఈ పొద్దుటి డ్రామాలు 1961లో రేడియో నవలల ఒరవడిలో పుట్టాయి. అందుకే వెనకనుంచి ఎవరో ఒకరు కథ చెప్తూనే ఉంటారు. గిన్నెలు తోముకుంటూ చెవి ఒకటి అటు పడేసినా ఏం జరుగుతోందో తెలిసిపోతుంది. ‘ఓషిన్’ సగటు రేటింగు 52.6 శాతం. ఒక దశలో 62.9 దాకా వెళ్ళింది. వాళ్ళందరూ సినిమా పండితులేనంటారా?

యమగత కొండల్లో ఓ కౌలు రైతు ఇల్లు, చుట్టూ మంచు. అన్నంలో మెతుకుల కన్నా ముల్లంగి ముక్కలే ఎక్కువ. తినే నోళ్ళు తగ్గించుకోవాలి కాబట్టి ఒక బస్తా బియ్యానికి ఏడేళ్ళ ఓషిన్‌ని పనికి కుదుర్చుతారు. మొగామి నది మీద తెప్ప కదులుతుంది. తెప్ప మీద మూట పట్టుకున్న పిల్ల, ఒడ్డున తల్లి. పిల్ల “అమ్మా” అని అరుస్తుంటే మధ్యలో నీళ్ళు పెరుగుతూ పోతాయి. ఈ సీను చూపించే ముందు మీరు యుద్ధానంతర జపాన్ జాతీయ స్మృతి గురించి అరగంట మాట్లాడారు. బియ్యం బస్తా విలువ తెలిసిన ఏ ముసలమ్మకైనా ఆ ఉపోద్ఘాతంతో పనేముంది?

‘మితో కోమోన్’ అయితే మరీను. 1969 నుంచి 2011 దాకా సోమవారం రాత్రుళ్ళు వచ్చింది. వ్యాపారి వేషంలో ఊళ్ళు తిరిగే పెద్దాయన నిజానికి అప్పట్లో జపాన్‌ని ఏలుతున్న తోకుగావా వంశం మనిషి. ఎనిమిది ముప్పావు ప్రాంతంలో బంటు ఒకడు వంశముద్ర ఉన్న చిన్న డబ్బీ తీసి చూపించి “ఈ ముద్ర కనబడట్లేదా!” అని అరుస్తాడు. దుర్మార్గులందరూ సాష్టాంగం. వారం వారం అదే. ఆ డబ్బీ ఎప్పుడొస్తుందో తెలిసే చూసేవాళ్ళు, దానికోసమే చూసేవాళ్ళు. దీన్ని “ఫ్యూడల్ అధికార నిర్మాణానికి దర్పణం” అని మొదటిసారి అన్నది ఎవరోగానీ, ఆయన ఇంట్లో టీవీ రిమోటు ఆయన చేతికి ఇచ్చి ఉండరు.

దర్శకుడు ఓజు విషయంలోనూ ఇదే వరస. ‘టోక్యో స్టోరీ’ (1953) చెప్పాలంటే మీరు ముందు నేలకు దగ్గరగా పెట్టిన కెమెరా గురించి క్లాసు తీసుకుంటారు. ఊరినుంచి అమ్మానాన్నలు వస్తే పిల్లలకి తీరిక లేక, డబ్బులిచ్చి అతామి వేడినీటి బుగ్గల దగ్గరికి పంపించేస్తారు. అక్కడ రాత్రంతా పక్క గదుల్లో గోలకి పెద్దవాళ్ళకి నిద్రపట్టదు. కొడుకు ఫ్లాటులో నాలుగు రోజులుండి, అయిదో రోజు టికెట్లు ముందుకి జరిపించుకుని వచ్చేసిన ఏ తల్లిదండ్రుల్నైనా ఈ సినిమా ముందు కూర్చోబెట్టండి. కెమెరా ఎంత ఎత్తులో ఉందో వాళ్ళు చూడనే చూడరు.

మీకు ఇంకో జబ్బు కూడా ఉంది. దొరకనివాటి పేర్లు చెప్పడం. ఎంత దొరక్కపోతే మీ మొహం అంత వెలిగిపోతుంది. “అయ్యో, మొట్టమొదటి తైగా డ్రామా ‘హానా నో షోగాయ్’ చూడలేదా?” అని మొన్న ఒకాయన్ని నిలదీశారు. తైగా అంటే ఎన్‌హెచ్‌కే ఏడాది పొడవునా వేసే చారిత్రక సీరియల్. అయ్యా, 1963లో దాన్ని తీసిన ఎన్‌హెచ్‌కే దగ్గరే మిగిలింది మొదటి భాగం ఒక్కటి. ఆ రోజుల్లో వీడియో టేపు ఖరీదు చాలా ఎక్కువ. ప్రసారం అయిపోగానే దానిమీదే ఇంకో కార్యక్రమం రికార్డు చేసేవారు. సమురాయ్‌లు పోరాడిన టేపు మీద పాటల పోటీ వచ్చి కూర్చున్నా అడిగేవాడు లేడు. ఇప్పుడు ఎన్‌హెచ్‌కేవాళ్ళే జనాన్ని అడుగుతున్నారు, మీ ఇళ్ళల్లో రికార్డు చేసి దాచుకున్న పాత టేపులుంటే ఇవ్వండి బాబూ అని. స్టేషన్‌లో చెరిగిపోయినవి కొన్ని అలా ఎవరింటి అటక మీదనుంచో తిరిగి దొరికాయి కూడా. ఆ టేపు దాచిన మనిషి ఎవరికీ ఏ జాబితా ఇవ్వలేదన్నది గమనించగలరు.

దొరికేవాటి సంగతీ అంతంతే. నటుల హక్కులు, పాటల హక్కులు, ఏజెన్సీల ఒప్పుకోలు, ఒక్కో డ్రామాకి ఇన్ని తాళాలు. యాప్‌లో వెతికితే “మీ ప్రాంతంలో లభ్యం కాదు” అని వస్తుంది. చందా మాత్రం మా ప్రాంతంలోనే లభ్యమవుతుంది వాళ్ళకి.

జపాన్‌లో కూడా మీకు బ్రాంచి ఉన్నట్టు నాకు అనుమానం. 2022 అక్టోబరులో ‘ఆర్‌ఆర్‌ఆర్’ అక్కడ విడుదలై నెలల తరబడి ఆడింది. అంతకుముందే 2013లో ‘ఈగ’, 2018లో ‘మగధీర’ అక్కడి హాళ్ళకి వెళ్ళాయి. అంటే, నాటు నాటుకి ఊగిపోతూ బయటికొచ్చిన టోక్యో అమ్మాయిని ఎవరో సీనియర్ అభిమాని గుమ్మంలోనే ఆపి “అయ్యో, ‘మగధీర’ చూడలేదా?” అనే ఉంటారు. ఈ లేఖ ఆ అమ్మాయి తరఫున కూడా అనుకోండి.

మిమ్మల్ని నోరు మూసుకోమనడం లేదు. అడిగినవాళ్ళ మొహం ఒకసారి చూసి, అప్పుడు తెరవమంటున్నాను.

మా మేనత్త ఉంది. ఏ సీరియల్‌లోనైనా హంతకుడెవరో మొదటి వారమే చెప్పేసి ఇంటిల్లిపాది సరదా పాడుచేస్తుంది. ఆవిడకి మందు ‘ఫురుహాత నింజబురో’. 1994లో మొదలైంది, రాసింది మితాని కోకి. హత్య ఎవరు చేశారో మొదట్లోనే చూపించేస్తారు, అత్తకి చెప్పడానికి ఏమీ మిగలదు. నల్లబట్టల డిటెక్టివ్ తమురా మసకాజు నంగి నంగిగా మాట్లాడుతూ, వెళ్ళిపోతున్నట్టే వెళ్ళి మళ్ళీ వెనక్కి వస్తూ, ఆ పెద్దమనిషిని ఎలా ఇరికిస్తాడన్నదే ఆట. అంతా విప్పబోయే ముందు దీపాలు ఆరిపోతాయి, ఆయనొక్కడే వెలుతుర్లో నిలబడి మనవైపు తిరిగి మాట్లాడతాడు. అత్త టీవీకి జవాబు చెప్పడం మొదలుపెట్టింది. 2006లో వచ్చిన ఆఖరి స్పెషల్స్‌లో బేస్‌బాల్ వీరుడు ఇచిరో తన పేరుతో తనే వచ్చి హత్య చేశాడు. మన క్రికెటర్లలో ఎవరైనా ఇలాంటి వేషానికి ఒప్పుకుంటారేమో అడిగి చూడండి.

పెళ్ళిచూపుల టెన్షన్‌లో ఉన్న అమ్మాయి అడిగితే 1996 నాటి ‘లాంగ్ వెకేషన్’. కథ మొదలవడమే పెళ్ళికూతురు తెల్ల కిమోనోలో నడివీధిలో పరుగు. వరుడి ఫ్లాటుకి వెళ్ళి తలుపు బాదితే వరుడు పరారీ, లోపల ఉన్నది అతని రూమ్మేటు, బిడియస్థుడైన పియానో కుర్రాడు కిమురా తకుయా. ‘టోక్యో లవ్ స్టోరీ’ (1991) మాత్రం బ్రేకప్ అయినవాళ్ళకి వెంటనే చెప్పకండి. అందులో ఎహిమే సముద్రం ఒడ్డున బైషింజి అని ఓ బుల్లి స్టేషను వస్తుంది. హీరోయిన్ రికా తను చెప్పిన రైలు కన్నా ముందు రైలెక్కి వెళ్ళిపోతుంది. ఆమె ప్రేమించిన కాంచి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి ప్లాట్‌ఫారం కంచెకి కట్టిన రుమాలు, దానిమీద ‘బైబై, కాంచి’. జనం ఇప్పటికీ అక్కడికి వెళ్ళి రుమాళ్ళు కట్టి వస్తుంటారు. కొంచెం కోలుకున్నాక చూపిస్తే సరి.

సీరియల్‌లో హీరోని చంపేశారని అన్నం మానేసినవాళ్ళకి తోరాసాన్. ‘ఓతోకో వా త్సురాయ్ యో’ మొదట 1968లో టీవీ డ్రామాగా వచ్చింది. ఆఖరి భాగంలో హీరో తోరాసాన్‌ని పాము చేత కరిపించి చంపేశారు. చూసేవాళ్ళు టీవీవాళ్ళను తిట్టిపోశారు. ఆ తిట్ల పుణ్యమా అని 1969లో యమద యోజి సినిమా తీస్తే తోరా లేచి వచ్చాడు, అత్సుమి కియోషి 1995 దాకా 48 సినిమాల్లో ఆ వేషం కట్టాడు. మన సంక్రాంతి సినిమాల్లాగా అప్పట్లో అక్కడ కొత్త సంవత్సరానికి తోరాసాన్ రావాల్సిందే. మీరేమో “48 వరసగా చూడాలి, ఒకటో నంబరు నుంచి” అంటారు. ఎందుకండీ? ప్రతిదాంట్లో ఇంటికొస్తాడు, అందరితో పోట్లాడతాడు, ఎవరినో ప్రేమిస్తాడు, అది తేలక పెట్టె పట్టుకుని వెళ్ళిపోతాడు. పదిహేడోది ముందు చూస్తే కొంపేం మునగదు.

చివరగా మా బాబాయ్ సంగతి. కలెక్టరేటులో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. సినిమా అంటే ఎన్టీఆర్‌తో ఆగిపోయింది ఆయనకి. ఆయన దగ్గర దర్శకుడు కురొసావా పేరు ఎత్తలేదు, 1952 అనలేదు, ‘ఇకిరు’ అనే పేరూ చెప్పలేదు. “బాబాయ్, ఇందులో ఒక గవర్నమెంటు ఆఫీసుంది, చూస్తారా?” అన్నాను, అంతే. కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

మొదట్లోనే వీధిలో ఆడవాళ్ళు కొందరు అర్జీ పట్టుకొస్తారు, మురికిగుంట పూడ్చి పిల్లలు ఆడుకునే చోటు చేయమని. ఈ సెక్షన్ కాదు పనుల శాఖకి వెళ్ళమంటారు. అక్కడ పార్కుల శాఖ అంటారు, అక్కడినుంచి ఆరోగ్యశాఖ, ఆ తర్వాత ఇంకోటి, ఇంకోటి. అన్నీ తిరిగి, పైఅధికారినీ దర్శించుకుని, చివరికి మళ్ళీ మొదటి కిటికీ దగ్గరికే వచ్చి పడతారు. అక్కడ బాబాయ్ రిమోటు లాక్కుని బొమ్మ ఆపేశారు. ముందుకి వంగి తెరకేసి వేలు చూపిస్తూ అన్నారు కదా: “చూశావురా? ఇంతమంది చేతులు మారింది, ఒక్క వెధవా ఇన్‌వర్డ్ నంబరు వెయ్యలేదు. కిటుకంతా అక్కడే ఉంది.”

మళ్ళీ వెనక్కి తిప్పించి ఆ ముక్క ఇంకోసారి చూసి, అప్పుడు ముందుకి పోనిచ్చారు.

ఇట్లు,
మీ వాత పడ్డవాళ్ళ తరఫున,
ఒక ప్రేక్షకుడు

తా.క.: దీనికి జవాబు రాయదలిస్తే నేరుగా నాకు పంపకండి. బాబాయ్ గారికి ఇచ్చి, నంబరు వేయించుకోండి.