సోకు కోసం చచ్చిపోయిందట!

నిన్న రాత్రి నిద్ర పట్టక ఫోన్ తిప్పుతుంటే విక్టోరియన్ కాలపు బ్యాలే బొమ్మలు పెట్టిన ఒక పోస్ట్ కనబడింది. తెల్లటి నెట్ గౌన్లు, పిడికెడు నడుములు, తల చుట్టూ పూలు. కింద అందరూ "ఎంత క్యూట్‌గా ఉన్నారో" అని మురిసిపోతున్నారు. ఆఖరి బొమ్మ ఎమ్మా లివ్రీ అనే ఫ్రెంచి అమ్మాయిది. గౌనుకు నిప్పంటుకుని చనిపోయిందని రెండు లైన్లలో తేల్చేశారు. దానికి ఒకాయన కామెంట్: "మంటలంటుకోని గౌను ఇస్తే అందంగా లేదని వేసుకోలేదట. సోకు కోసం చచ్చిపోయింది." దానికి బోలెడు నవ్వు ఎమోజీలు.

అక్కడే జవాబు రాద్దామని మొదలుపెట్టాను. పెద్దదైపోయింది, అందుకే ఇక్కడ పెడుతున్నా. ఓపికుంటే చదవండి.

ముందు ఆ గౌను సంగతి. 1832 మార్చిలో ప్యారిస్ ఒపెరాలో మేరీ టాలియోని అనే నర్తకి 'లా సిల్ఫీడ్' అనే బ్యాలే ఆడింది. గాలిలో తేలే దేవకన్య పాత్ర. ఒంటిని పట్టి ఉండే పైభాగం, దాని కింద గంటలా విచ్చుకున్న తెల్లటి పల్చని పొరలు. ఆ ఒక్క వేషం యూరప్‌ని ఊపేసింది. ఇంగ్లండ్‌లో విక్టోరియా ఇంకా రాణి కాలేదు, చిన్నపిల్ల. ఇంట్లో పాఠాలు చెప్పే తన గవర్నెస్‌తో కలిసి చెక్కబొమ్మలకు బట్టలు కుట్టేది. మొత్తం 132 బొమ్మలు. వాటిలో చాలా వాటికి వేసినవి స్టేజి మీద చూసిన నర్తకుల, గాయనుల వేషాలే. టాలియోని కూడా అందులో ఉంది.

1845లో లండన్‌లో టాలియోనితో పాటు మరో ముగ్గురు తారలు కలిసి 'పా ద కాత్ర' (నలుగురి నాట్యం) ఆడితే విక్టోరియా రాణి హోదాలో వెళ్లి చూసింది. ఎవరు ముందు, ఎవరు ఆఖరు అని గొడవొస్తే, వయసులో పెద్దామెకే ఆఖరి గౌరవస్థానం అన్నాడట మేనేజరు. అంతే, అప్పటిదాకా పోట్లాడుకున్నవాళ్లు "ముందు నువ్వు, కాదు నువ్వు" అన్నారట. మన సినిమా టైటిల్ కార్డుల గొడవలకు కూడా ఇలాంటి మేనేజరు ఉండాల్సింది.

సరే, అసలు విషయానికి వస్తా. ఆ గౌను ఏ ఒక్క అమ్మాయి సోకూ కాదు. ప్యారిస్ ఒపెరాలోకి గ్యాస్ దీపాలు 1822లో వచ్చాయి. హాలు చీకటి చేసి, స్టేజి మీద వెన్నెల లాంటి వెలుగు పుట్టించడం కుదిరింది. ఆ వెలుగులో తెల్లటి పల్చని గుడ్డ మెరుస్తుంది, మనిషి నేల మీద లేనట్టు కనిపిస్తుంది. ఇంకోపక్క జాన్ హీత్‌కోట్ అనే ఇంగ్లిష్ ఆయన 1809 నాటికే నెట్ అల్లే యంత్రం కనిపెట్టాడు. చేత్తో వారాల తరబడి అల్లాల్సినది మిల్లులో గజాల లెక్కన వచ్చేసింది, ధర దిగింది. ఇరవై ముప్ఫై మంది అమ్మాయిలను ఒకే తెలుపులో నిలబెట్టడం కంపెనీలకు సాధ్యమైంది. అంటే దీపం, మిల్లు, టికెట్ కొన్నవాడి కన్ను కలిసి ఆ గౌను కుట్టాయి. అమ్మాయి అందులో దూరిందంతే.

మన ఇళ్లల్లో దీపావళికి "నైలాన్ వద్దు, నూలు బట్టలు వేసుకోండి" అంటారు కదా. ఆ గౌన్లలో వాడిన మస్లిన్, టార్లటన్ రెండూ నూలువే! కానీ మన చేనేత చీరలా దట్టమైన నేత కాదు. కంతలు కంతలుగా అల్లి, గంజి పెట్టి, పొర మీద పొర వేసి, మధ్యలో గాలి ఆడేలా కుట్టిన గుడ్డ. అంచుకు నిప్పు తగిలితే ఆర్పేందుకు టైమ్ ఉండదు. స్టేజి బయట కూడా ఇదే ఫ్యాషన్, ఇదే ప్రమాదం. 1856 తర్వాత గౌను విచ్చుకునేలా లోపల వేసే ఉక్కు చట్రాలు, క్రినోలిన్లు వచ్చాక వేసుకున్నవాళ్లకే తమ గౌను అంచు ఎక్కడుందో తెలిసేది కాదు. 1871లో ఐర్లండ్‌లో ఒక విందులో డాన్స్ చేస్తూ పొయ్యి దగ్గరికి వెళ్లిన అమ్మాయి గౌను అంటుకుంది, ఆర్పబోయిన తోబుట్టువు గౌనూ అంటుకుంది, ఇద్దరూ పోయారు. వాళ్లు రచయిత ఆస్కార్ వైల్డ్‌కి తండ్రి వైపు అక్కలు.

1844 డిసెంబర్‌లో లండన్ డ్రూరీ లేన్ థియేటర్‌లో క్లారా వెబ్‌స్టర్ అనే నర్తకికి జరిగింది ఇదే. ఆట మధ్యలో, జనం చూస్తుండగా అంటుకుంది. తోటి నర్తకులు దగ్గరికి వెళ్లలేకపోయారు, వాళ్ల ఒంటి మీదా అవే గౌన్లు కదా! చివరికి స్టేజి పనివాడొకడు మీద పడి ఆర్పాడు. మూడు రోజులకు చనిపోయింది.

ఇక ఎమ్మా లివ్రీ. 1858లో పదహారేళ్లకు ప్యారిస్ ఒపెరాలో మొదటిసారి ఆడింది, అదీ 'లా సిల్ఫీడ్'లోనే. ఆ పిల్లను చూడటానికి వచ్చిన టాలియోని అక్కడే ఉండిపోయి పాఠం చెప్పింది, 1860లో ఆమె కోసమే 'ల పాపియోఁ' కూర్చింది. పాపియోఁ అంటే సీతాకోకచిలుక. కథలో అది దివిటీ దగ్గరికి వెళ్లి రెక్కలు కాల్చుకుంటుంది. నేను కల్పించింది కాదు, నిజంగా కథే అది.

1859 నవంబర్‌లో ఫ్రెంచి ప్రభుత్వం ఆజ్ఞ ఇచ్చింది: నిప్పంటుకోకుండా స్టేజి తెరలూ బట్టలూ అన్నీ కార్తెరోన్ అనే ఆయన పద్ధతిలో రసాయనంలో ముంచాలి. అలా ముంచితే గుడ్డ బిరుసెక్కుతుంది, మాసినట్టు కనబడుతుంది. లివ్రీ డైరెక్టరుకు ఉత్తరం రాసింది, నా మామూలు గౌనులోనే ఆడతాను, ఏం జరిగినా బాధ్యత నాదే అని. 1862 నవంబర్ 15న రిహార్సల్‌లో గౌను దులుపుకుంటుంటే పక్కనున్న గ్యాస్ దీపం తగిలి అంటుకుంది. ఎనిమిది నెలలు నరకం చూసి 1863 జులైలో పోయింది. అప్పటికి ఇంకా 21 నిండలేదు. కాలగా మిగిలిన గుడ్డ ముక్కలు ఇప్పటికీ ప్యారిస్ ఒపెరా మ్యూజియంలో ఉన్నాయి.

కామెంట్ పెట్టిన ఆయన ఆధారం ఆ ఉత్తరమే. కాదనను, రాసింది. మంచం మీద ఉండి కూడా ఆ రసాయనంలో ముంచిన గౌన్లు వికారంగా ఉంటాయి, మళ్లీ ఆడినా వేసుకోను అందట. ఒప్పుకుంటా.

కానీ ఉత్తరం రాసేనాటికి ఆమెకు పదిహేడు పద్దెనిమిదేళ్లు. బరువే లేనట్టు కనబడటం ఆమె ఉద్యోగం. పత్రికలవాళ్లు మొదట్లోనే సన్నగా ఉందని వెక్కిరించిన పిల్ల, బిరుసు గోనెపట్టలో ఎగిరితే ఊరుకుంటారా? ఇంత ప్రమాదమని ప్రభుత్వానికే తెలిసినప్పుడు, గౌను అంచుకు అందేంత దగ్గర్లో మండే దీపం ఎవరు ఉంచారు? దీపం జరపడం మేనేజ్‌మెంట్ పని. దాని గురించి ఎవరైనా ఉత్తరం రాశారా? బాధ్యత నాదే అని ఆ పిల్ల రాసిస్తే, పెద్దలు కాగితం ఫైల్లో పెట్టుకున్నారు.

తర్వాత ఏం మారిందో చూడండి. 1881లో లండన్ సవాయ్ థియేటర్ మొత్తం కరెంటు దీపాలకు మారింది, మిగతావి ఒక్కొక్కటీ అదే దారి పట్టాయి. నెట్ మాత్రం తగ్గలేదు. బ్యాలే గౌను, అదే ట్యూటూ, ఇంకా పొట్టిదైంది, ఇంకా విచ్చుకుంది. అమ్మాయిల సోకు అలాగే ఉంది, దీపం మారింది.

నాకెందుకింత కోపం అంటారా? మా పాప స్కూల్లో వచ్చే నెల యాన్యువల్ డే. రెండో క్లాసు పిల్లలది దీపం డాన్స్. మొన్న టైలర్ దగ్గరికి వెళ్తే "క్యాన్‌క్యాన్ ఎన్ని లేయర్లు వెయ్యమంటారమ్మా, మూడేస్తే బాగా నిలబడుద్ది" అంది. గులాబీ రంగు నెట్, చేత్తో నలిపితే గరగరమంటోంది. నైలాన్, అంటుకుంటే కరిగి ఒంటికి పట్టుకుంటుంది. చేతిలో ప్రమిద. బ్యాటరీ దీపాలు పెట్టొచ్చు కదా అని టీచర్‌ని అడిగాను. "ఫొటోల్లో బాగా రావు మేడమ్, ఒరిజినల్ అయితేనే లుక్" అంది. పాపం, ఆవిడ చేతిలో ఏముంది, పైనుంచి చెప్పారట.

సాయంత్రం పాప డైరీలో ఒక కాగితం పిన్ చేసి పంపారు. పిల్లను పంపడం మా ఇష్టప్రకారమే, ఏం జరిగినా బాధ్యత తల్లిదండ్రులదే అని. కింద గీత గీసి, సంతకానికి చోటు వదిలారు. శుక్రవారంలోగా తిరిగి ఇవ్వాలట. ఇంకా నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది.