పదమూడో గంట

హైదరాబాద్ పాతబస్తీ మ్యూజియాలు చూడాలంటే ముందు చూడాల్సింది క్యాలెండర్. సాలార్‌జంగ్‌కి శుక్రవారం సెలవు. చౌమహల్లా ప్యాలెస్‌కి శుక్రవారం సెలవు. పురానీ హవేలీలోని నిజాం మ్యూజియానికీ శుక్రవారమే. పోనీ ఆ రోజు జూకి పోయి, మర్నాటి నుంచి ఇవి చూసుకోవచ్చు. జూకి మాత్రం సోమవారం సెలవు. ఈ నాలుగు ముక్కలూ, కాకినాడలో గురువారం రాత్రి రైలెక్కబోతున్న బావగారికి బావమరిది ఫోన్లో విడమరిచి చెప్పాడు. బావగారు వినలేదు. ఆయన అప్పటికే ఒక వీడియో చూసి ఉన్నారు. అందులో టోపీ తిరగేసి పెట్టుకున్న కుర్రాడొకడు ఒక్క రోజులో అయిదు మ్యూజియాలు చుట్టేసి, చివర్లో బిర్యానీ తిని, లైక్ కొట్టమన్నాడు. శుక్రవారం మాట అతగాడు ఎత్తలేదు. వీడియోలో గేట్లన్నీ తెరిచే ఉన్నాయట.

దాంతో శుక్రవారమంతా బావమరిది ఇంటి హాల్లో ఫ్యాను కింద గడిచింది. అయిదు మ్యూజియాలూ శనివారం నెత్తిన పడ్డాయి.

శనివారం పొద్దున్న ఎనిమిదికల్లా అక్క నాలుగు గిన్నెల క్యారియర్ సర్దేసింది. అడుగున పులిహోర, దానిమీద మళ్లీ పులిహోర, మూడో గిన్నెలో బంగాళాదుంప వేపుడు, పైన మనవడి కోసం దద్దోజనం. మ్యూజియాల్లోకి తిండి తీసుకెళ్లనివ్వరని, సంచులు గేటు దగ్గర ఇచ్చి టోకెన్ పుచ్చుకోవాలని బావమరిది చెప్పాడు. "మన తిండి మనం తింటే ఎవడికోయ్ నష్టం?" అన్నారు బావగారు. మూడువందల ఏళ్లనాటి పట్టుగుడ్డల పక్కన ఒక్క పులిహోర మెతుకు పడితే రాత్రికి చీమలు, చీమల వెనక బల్లులు, ఆ తర్వాత గుడ్డకి చిల్లులు. ఇదంతా చెప్పే టైము లేదు. ఆటో వచ్చేసింది.

ముందు సాలార్‌జంగ్. గేటు దగ్గర క్యారియర్ ఇచ్చేయాల్సి వచ్చింది. ఇచ్చేముందు బావగారు ఒక పని చేశారు. పై గిన్నె, అంటే దద్దోజనం గిన్నె, ఊడబీకి మనవడి డైపర్ల సంచిలో పెట్టించారు. పసిపిల్లాడి సంచి అనేసరికి ఎవరూ అడ్డుపెట్టలేదు.

ఇక్కడ క్యారియర్ నిర్మాణం గురించి కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే కొంప ముంచింది అదే. క్యారియర్‌లో గిన్నెలన్నిటికీ కలిపి మూత ఒక్కటే ఉంటుంది. కింది గిన్నెకి పై గిన్నె అడుగే మూత. ఆ పై గిన్నెకి దాని పైది. అన్నిటికంటే పైనున్నదానికి మాత్రమే అసలు మూత, అదీ బిగుతుగా పట్టేది కాదు. పక్కపట్టీల మీదుగా వచ్చి పైన పడే క్లిప్పు నొక్కి ఉంచినంతసేపే అది మూత. క్లిప్పు తీస్తే ఊరికే గిన్నె మీద బోర్లించిన పళ్లెం. కాబట్టి పై గిన్నె తీసేస్తే రెండు అనర్థాలు. ఒకటి, మిగిలిన మూడు గిన్నెల ఎత్తు తగ్గి క్లిప్పు దేన్నీ పట్టుకోదు, అవి ఎక్కడ పెట్టినా గలగలలాడతాయి. రెండోది, తీసిన గిన్నె మూతకి దిక్కూమొక్కూ ఉండదు. గిన్నె అయిదంగుళాల వెడల్పు, డైపర్ల సంచి నోరు నాలుగున్నర. జిప్పు సగమే పడింది. ఆ సగం జిప్పు మీద భారం వేసి, మూతని ఒక పక్కకి ఎత్తి, సంచిని వాళ్లమ్మాయి భుజానికి తగిలించారు.

లోపల ఏం చూశారంటే చెప్పడం కష్టం, పరుగే పరుగు. బెంజోని చెక్కిన మేలిముసుగు రెబెక్కా దగ్గర ఎంతసేపైనా నిలబడొచ్చు. పాలరాయిలో పల్చటి ముసుగు, దానివెనక మొహం కనపడేలా చెక్కాడు మహానుభావుడు. నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు దాన్ని. బావగారు "బాగుంది, పదండి" అన్నారు. ఒకే దుంగలో ముందువైపు ఫౌస్ట్ నాటకంలోని సైతాను మెఫిస్టాఫిలిస్, వెనకవైపు అందులోని అమ్మాయి మార్గరెటా ఉన్న చెక్కబొమ్మకి వెనకాల అద్దం పెట్టింది మార్గరెటా కనపడాలని. ఆ అద్దంలో బావగారు తల దువ్వుకున్నారు. పన్నెండింటికి గడియారం, గడియారం, గడియారం! టోపీ కుర్రాడు మరీ మరీ చెప్పాడట, పన్నెండు దెబ్బలు కొట్టేది పన్నెండింటికేనని. కాదనలేం. అయితే అది గంటగంటకీ కొడుతుంది. పదకొండింటికి వెళ్తే దెబ్బ ఒకటే తగ్గుతుంది, ముందు వరసలో చోటూ దొరుకుతుంది. ఈ లెక్క చెప్పబోయిన బావమరిదిని అక్క కళ్లతోనే ఆపేసింది.

పదకొండూ నలభైకి చేరితే అప్పటికే బెంచీలు నిండిపోయాయి. వెనక నాలుగు వరసల జనం నిలబడి ఉన్నారు.

చూడనివాళ్లు ఆ గడియారం గోడంత ఉంటుందనుకుంటారు. ఉండదు. ఇంగ్లండులో తయారై, కలకత్తా కుక్ అండ్ కెల్వీ కంపెనీ చేతుల మీదుగా వచ్చినది. కింద కమ్మరి బొమ్మ ఒకటి క్షణానికో దెబ్బ చొప్పున సమ్మెట కొడుతూనే ఉంటాడు, సెలవన్నది ఎరగడు. పైన గడ్డం బొమ్మ ఇంకొకడు, గంట కొట్టే ఉద్యోగి. గంటకి రెండు మూడు నిమిషాల ముందే బయటికొచ్చి తయారుగా నిలబడతాడు, టైముకి కొట్టాల్సినన్ని కొట్టి లోపలికి పోతాడు. అతని పనంతా అంతే. ఆ చిన్న బొమ్మని చూడాలంటే ముందువాళ్లు చేతులు దించాలి. దించరు. ఈమధ్య ఫోన్లు చాలక పలకలంత ట్యాబులు ఎత్తుతున్నారు. ఒక్కొక్క ట్యాబు వెనక ముగ్గురు మనుషులకి గ్రహణం. ఆ ముగ్గురూ ట్యాబు తెర మీదే గడియారం చూడాలి, అది కూడా ఎత్తినాయన చెయ్యి వణకకుండా ఉంటే.

గడ్డం బొమ్మ బయటికొచ్చాడు. "ష్ష్" అన్నారెవరో. అందరూ ఊపిరి బిగబట్టారు. కమ్మరి సమ్మెట టిక్కుటిక్కుమనడం వెనక వరసల దాకా వినిపిస్తోంది. ఫోన్లన్నీ రికార్డింగ్‌లో ఉన్నాయి. సరిగ్గా అప్పుడు మనవడికి కనపడటం లేదని వాళ్లమ్మ వాణ్ని చంకనెత్తుకుని మునివేళ్ల మీద లేచింది. భుజం వంగింది. సంచి ఒరిగింది. సగం జిప్పు తన వంతు సాయం చేసింది.

ఠంగ్!

స్టీలు మూత రాతినేల మీద అంచుతో పడితే ఎలా మోగుతుందో ఇళ్లలో అందరికీ తెలుసు. అంతమంది ఊపిరి బిగబట్టిన చోట ఎలా మోగుతుందో అక్కడున్నవాళ్లకే తెలుసు. జనం "ఆఁ!" అన్నారు. "వన్!" అన్నారు పిల్లలు ఏకకంఠంతో. ముందు వరసలో ఒక పెద్దాయన చేతి గడియారం తీసి ముల్లు రెండు నిమిషాలు ముందుకి తిప్పుకున్నారు. సాలార్‌జంగ్ గడియారం తప్పుతుందా? తన వాచీయే తప్పయి ఉంటుందని ఆయన నమ్మకం. రెండో దెబ్బ కోసం చూశారు. పడలేదు. మూత ఆగితే కదా. పడ్డ మూత పడినట్టుండదు, అంచు మీద దొర్లుతుంది. దొర్లి దొర్లి వేగం తగ్గాక పక్కకి ఒరిగి తిరగడం మొదలుపెడుతుంది. ఒరిగేకొద్దీ చప్పుడు తగ్గాలి కదా, తగ్గదు, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం కరిగిపోయి ఠంఠంఠం కాస్తా ఠర్ర్‌ర్ర్ అయిపోతుంది. పిల్లలు "టూ, త్రీ, ఫోర్" అని లెక్కపెట్టబోయి అందుకోలేక వదిలేశారు. "స్ప్రింగు తెగింది" అన్నాడొకాయన, రిపేరు తెలిసినవాడి ధీమాతో. పైన గడ్డం బొమ్మ ఇంకా చెయ్యే ఎత్తలేదు. మూత మూడో బెంచీ కిందకి పోయి ఆఖరి ఠర్ర్ పూర్తి చేసుకుని పడుకుంది.

ఆ తర్వాత అసలు గంట పన్నెండు కొట్టింది. ఎవరూ సరిగ్గా వినలేదు. సగం మంది బెంచీల కిందకి చూస్తున్నారు, మిగతా సగం మంది పదమూడా పన్నెండా అని వాదించుకుంటున్నారు. "నాన్నా, పదమూడు కొట్టింది" అన్నాడు బావమరిది కొడుకు, హాలంతా వినపడేలా. ఆ మధ్యాహ్నం ఊళ్లూరా వాట్సాప్‌లో తిరిగిన వీడియోలన్నిట్లో మొదటి గంట దద్దోజనం గిన్నెదే.

గార్డు వచ్చాడు. పాపం మర్యాదస్తుడు. సంచిలోకి చూశాడు. మూత లేని గిన్నె, అందులో తాలింపు పెట్టిన దద్దోజనం, దానిమీద దానిమ్మ గింజలు. "అమ్మా, ఇది బయట తినండి" అన్నాడు. బావగారు వెంటనే "మా బావమరిదికి చెప్పానండీ వద్దని" అన్నారు.

బావమరిది ఏమీ అనలేదు. అక్కయ్య మొగుడు కదా.

బయట చెట్టుకింద తిన్నారు. పులిహోర బాగానే ఉంది. క్యారియర్ మాత్రం వదులుగా మోస్తే గలగల, బిగించి పట్టుకుంటే నూనె కారడం.

చౌమహల్లా ఎగిరిపోయింది. కార్ల మ్యూజియం సాయంత్రానికి వాయిదా పడింది. వంకాయ ఆకారపు కారు, బూటు ఆకారపు కారు ఎక్కడికీ పారిపోవు కాబట్టి ఎవరూ బాధపడలేదు. పురానీ హవేలీ దగ్గరే కనక అక్కడికి నడిచారు. అక్కడ ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా బట్టల బీరువాలు రెండంతస్తుల పొడుగునా ఉంటాయి, పై అంతస్తుకి చేత్తో తిప్పే చెక్క లిఫ్టుతో సహా. అది చూడ్డానికే వెళ్లొచ్చు. బావగారు వాటికేసి తిరగకుండా సరాసరి ఏడో నిజాం బంగారు టిఫిన్ డబ్బా ఏదని అడిగారు.

అదీ క్యారియరే, మూడు గిన్నెలది. వజ్రాలు, కెంపులు, పచ్చలు పొదిగారు. 2018 సెప్టెంబరులో ఇద్దరు దొంగలు వెంటిలేటర్ గుండా తాడు వేసి దాన్నీ, బంగారు కప్పునీ సాసర్నీ స్పూన్నీ పట్టుకుపోయారు. ముంబైలో పెద్ద హోటల్లో దిగి, కొనేవాడు దొరకక, పదిరోజులైనా తిరక్కుండా పట్టుబడ్డారు. ఈలోగా వాళ్లలో ఒకడు రోజూ అందులోనే భోంచేశాడని పోలీసులు చెప్పారు. అంత డబ్బూ ఉన్న నిజాం దాన్ని ఎప్పుడైనా వాడాడో లేదో, దొంగ మాత్రం క్యారియర్‌ని క్యారియర్‌లాగే వాడాడు.

ఇదంతా బావమరిది చెబుతుంటే అక్క వినడం లేదు. చేతిలోని టోకెన్ కేసి చూస్తోంది. క్యారియర్ ఇక్కడ కూడా గేటు దగ్గరే ఆగిపోయింది మరి.

"ఏమండీ" అంది బావగారితో, "మూత అక్కడే ఉండిపోయింది."

"పోతే పోయిందిలేవే. నలభై రూపాయల మూత."

"మూత గురించి కాదు. దానిమీద పేరుంది."

పెళ్లికి పెట్టిన స్టీలు సామానంతటి మీదా పేర్లు చెక్కించడం ఆ ఇంటి ఆనవాయితీ. కొట్లో కరెంటు పెన్నుతో చుక్కలు చుక్కలుగా చెక్కే అక్షరాలు, ఎన్నిసార్లు తోమినా అరగవు. గిన్నెల మీద అత్తగారి పేరు, మూత మీద అల్లుడుగారి పేరు.

బావగారు బంగారు డబ్బా మీంచి కళ్లు తీశారు.

"ఇంటిపేరుతో సహానా?"

"ఇంటిపేరు, ఊరు, తారీఖు."

"వెనక్కి పోయి తెద్దామా?"

"లోపలికి పోవాలంటే మళ్లీ టికెట్టు" అన్నాడు బావమరిది. "మనిషికొకటి. మనవడి సంచి మాత్రం ఈసారి విప్పించి చూస్తారు."