బిల్లు చదివిందెవరు బావా?

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఓ రాత్రి మా బావ రొయ్యల చెరువు గట్టున కూర్చున్నాం. కోనసీమలో, సముద్రపు హోరు వినిపించేంత దగ్గర్లో. బావ చెక్ ట్రే (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెం) పైకి లాగి, సెల్‌ఫోన్ లైటు వేసి, నాలుగు రొయ్యల్ని అరచేతిలోకి తీసుకుని పేగు చూశాడు. నిండుగా ఉంటే మేత తిన్నట్టు. బాగానే ఉందని మళ్లీ నీళ్లలో వదిలేశాడు.

మాటల్లో నేను 2023లో వచ్చిన సవరణ సంగతెత్తాను. తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం 2005 నాటిది. రిజిస్ట్రేషన్ లేకుండా చెరువు నడిపితే అందులో జైలుశిక్ష ఉండేది. 2023లో అది తీసేసి జరిమానాలు పెట్టారు. "అవును, మేతల కొట్టాయన ఏదో అన్నాడు" అన్నాడు బావ. తన చెరువు తాలూకు చట్టం మారిన ముచ్చట మేతల కొట్టులో తెలిసింది. మన పార్టీలేవీ ఆ కాగితం పట్టుకుని గట్టు మీదకి రాలేదు. "అసలు మనోళ్లలో ఆ బిల్లు చదివిందెవరు బావా?" అని బావే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

మన ఎన్నారైలం ఉంటున్న అమెరికాలో ఈ ప్రశ్నకు ఓ జవాబుంది. గొప్ప జవాబని అనను. 1946లో అమెరికన్ కాంగ్రెస్‌ను సంస్కరించాలని కూర్చున్న సంయుక్త కమిటీ, ఉభయ సభల్లోనూ పార్టీలకు పాలసీ కమిటీలు ఉండాలంది. ప్రతినిధుల సభ ఒప్పుకోలేదు. సెనేట్ మాత్రం ఊరుకోక, ఖర్చుల బిల్లులో సొంతంగా డబ్బు కేటాయించుకుని 1947లో రెండు పార్టీలకూ చెరో కమిటీ పెట్టుకుంది. రిపబ్లికన్ల కమిటీకి తొలి అధ్యక్షుడు సెనేటర్ రాబర్ట్ టాఫ్ట్. వ్యవసాయ కమిటీ, ఆర్థిక కమిటీ అని మనం వినేవి సభ కమిటీలు, వాటిల్లో రెండు పార్టీల వాళ్లూ ఉంటారు. ఈ పాలసీ కమిటీలు వేరు, ఏ పార్టీది ఆ పార్టీదే. (మన ఎన్నారై సంఘంలోనే చాలామంది రెంటినీ కలిపేస్తుంటారు, అందుకే చెప్పడం.) జీతాలిచ్చి పెట్టుకున్న సిబ్బంది బిల్లు చదువుతారు. అందులో ఏముంది, ఖర్చెంత, ఏ సవరణలు రాబోతున్నాయి అన్నది నాలుగు పేజీల్లో రాసి సభ్యుల చేతికిస్తారు. మంగళవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర దాని మీద వాదించుకుంటారు. అయినా ఎటు ఓటెయ్యాలన్నది సభ్యుడి ఇష్టమే. కాదని వేసినంత మాత్రాన సీటు పోదు.

వీటిలోనూ పస తగ్గిన మాట నిజం. 2011లో సెనేట్ డెమోక్రాట్లు తమ పాలసీ కమిటీని ప్రచార విభాగంతో కలిపేశారు. పేరులోనే 'కమ్యూనికేషన్స్' వచ్చి చేరింది. చదివేవాడి పక్క కుర్చీలో చాటింపు వేసేవాడు కూర్చుంటే చివరికి ఎవరి మాట నెగ్గుతుందో ఊహించుకోవచ్చు.

ఇండియాలో చదవాల్సిన అవసరమే లేకుండా పోయింది. 1985లో రాజ్యాంగంలో పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. విప్, అంటే ఎటు ఓటెయ్యాలో చెప్పే పార్టీ ఆదేశం, ధిక్కరిస్తే సభ్యత్వమే పోవచ్చు. ఫిరాయింపులు ఆపడానికి అది అవసరమేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఓటు ఎటు వెయ్యాలో ఫోనులో వచ్చేస్తున్నప్పుడు అరవై పేజీలు ఎవరు తిరగేస్తారు? 1993లో పార్లమెంటులో శాఖలవారీ స్థాయీ సంఘాలు (బిల్లుల్ని పరిశీలించే ఎంపీల కమిటీలు) వచ్చాయి. ఇప్పుడు 24 ఉన్నాయి, ఒక్కోదాంట్లో 31 మంది. బిల్లు వాటి దగ్గరికి వెళ్తే కాస్త చదువు జరుగుతుంది. 15వ లోక్‌సభలో 71 శాతం బిల్లులు వెళ్లాయి. 17వ లోక్‌సభలో 16 శాతమే. సభ చదవక, పార్టీ చదవక, ఇంక చదివేదెవరు?

ఒక్క ఓటు విలువ డెల్టా వాళ్లకు ఒకరు చెప్పాలా? 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269-270తో పడిపోయినప్పుడు స్పీకర్ కుర్చీలో ఉన్నది మన అమలాపురం నుంచి వెళ్లిన బాలయోగి గారే. అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయినా ఎంపీ పదవి వదలని గిరిధర్ గమాంగ్ ఓటు వెయ్యొచ్చా లేదా అన్నది బాలయోగి గారు గమాంగ్ అంతరాత్మకే వదిలేశారు. ఆ రోజు గురించి మా ఊరి అరుగుల మీద ఇప్పటికీ చెప్పుకుంటారు. చడీచప్పుడు లేకుండా, మూజువాణి ఓటుతో పది నిమిషాల్లో అయిపోయే బిల్లుల గురించి ఎవరూ చెప్పుకోరు.

దాళ్వాకు (రెండో పంట వరికి) ఎన్ని ఎకరాలకు నీళ్లన్నది ముందే సాగునీటి సలహా మండలి మీటింగులో తేలిపోతుంది. శివారు రైతు తూము దగ్గర లస్కర్‌తో (కాలువ నీళ్లు వదిలే ఉద్యోగితో) ఎంత పోట్లాడినా ఏం లాభం? పోట్లాట మీటింగు రోజున ఉండాలి. మన ఎన్నారైలం చేస్తున్నది తూము దగ్గరి పోట్లాటే. బిల్లు పాసయ్యాక వినతిపత్రం, ఫొటో, శాలువా.

అందుకని మన సంఘానికి నాదొక ప్రతిపాదన. వచ్చే మహాసభలకు ఏ పార్టీ ఎంపీని పిలిచినా, శాలువా కప్పడానికి ముందు ఒకటే అడుగుదాం: గత సమావేశాల్లో మీ పార్టీ తరఫున బిల్లులు చదివిందెవరు, ఆ నోట్సు జనానికి చూపిస్తారా? మనం రాజకీయాలకు ఖర్చుపెడుతున్న డబ్బులో పిసరంత చాలు, గోదావరి జిల్లాల ఎంపీలకు, అన్ని పార్టీలకూ కలిపి, బిల్లులు చదివి తెలుగులో నోట్సు రాసే ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లకు జీతాలివ్వడానికి. అలా డబ్బివ్వడం చట్టప్రకారం కుదురుతుందో లేదో మనలో ఉన్న లాయర్లు చూడాలి. కుదరకపోతే ఆ నోట్సు మన పత్రికలోనే వేద్దాం.

తిరిగొచ్చాక బావకు ఆ సవరణ చట్టం వాట్సాప్‌లో పంపాను. మర్నాడు జవాబొచ్చింది: "తెలుగులో లేదా బావా?" కూర్చుని రాస్తున్నాను. మూడో పేజీలో ఉన్నాను.